లేవగానే మారే బీపీ, పరుగెత్తే పల్స్: డిస్ఆటనోమియాతో రోజు నడుపుకోవడం ఎలా

పొద్దున పడుకుని ఉండగా నా బీపీ 118/76, పల్స్ 66. లేచి ఐదు నిమిషాలు నిలబడితే బీపీ 124/88, పల్స్ 112. వేడినీళ్ళ స్నానం చేసి వచ్చాక 94/60, కళ్ళు బైర్లు కమ్ముతుంటాయి. మధ్యాహ్నం డాక్టరు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే 120/80. "బీపీ బ్రహ్మాండంగా ఉంది" అని పంపించేస్తారు.

ఈ అంకెల్లో ఏదీ తప్పు కాదు. అడిగిన ప్రశ్నే సగంలో ఆగిపోయింది. "బీపీ ఎంత?" అంటే సరిపోదు. ఏ భంగిమలో, ఎంతసేపటికి, ఏం చేశాక అన్నది కూడా అడగాలి. ఈ సంగతి ఒంటపట్టేదాకా నేను బీపీ మిషన్‌తో రోజుకు ఇరవైసార్లు కుస్తీ పట్టాను. తర్వాత మానేశాను. అంకె వెంట పడటం మాని, అంకె ఎప్పుడు మారుతుందో గమనించడం మొదలుపెట్టాక రోజులు కాస్త చేతిలోకి వచ్చాయి. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంటుంది. మందులు, ఉప్పు విషయం వచ్చినప్పుడు మాత్రం మీ డాక్టరుతో మాట్లాడకుండా ఏదీ మొదలుపెట్టకండి. ఎందుకో అక్కడే చెబుతాను.

ముందు, లోపల ఏం జరుగుతోంది

మనం లేచి నిలబడిన ప్రతిసారీ అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి జారుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల్లో, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనిలో ఒత్తిడిని పసిగట్టే నాడులు ఉంటాయి. ఒత్తిడి తగ్గిందని అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు వెంటనే కింది రక్తనాళాలను బిగించమని, గుండెను కొంచెం వేగంగా కొట్టుకోమని చెబుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పల్స్ ఓ పదో ఇరవయ్యో పెరుగుతుంది, బీపీ దాదాపు అలాగే ఉంటుంది. తనకు ఇదంతా జరిగిందన్న సంగతే తెలియదు.

ఈ పని చూసేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. అది గాడి తప్పితే దాన్ని డిస్ఆటనోమియా అంటారు. ఇది ఒక్క జబ్బు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. ఆ కుటుంబంలో తరచూ కనిపించేవి ఇవి.

రక్తనాళాలు బిగుసుకోక, నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే అది ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్. బీపీ అంత పడుతున్నా పల్స్ పెద్దగా పెరగకపోతే నాడుల్లోనే లోపం ఉందని అనుమానించాలి. పార్కిన్సన్స్, చాలాకాలంగా ఉన్న షుగరు, ఒంట్లో అసహజమైన ప్రోటీన్ పేరుకుపోయే అమిలాయిడోసిస్ లాంటివాటిలో ఇలా జరుగుతుంది.

బీపీ పెద్దగా పడకుండా, నిలబడిన పది నిమిషాల్లో పల్స్ 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే, 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో 40 పెరిగితే, ఆ బాధలు కనీసం మూడు నెలలుగా ఉంటే దాన్ని పాట్స్ (పోస్చరల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్) అంటారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళలో కనిపిస్తుంది. వైరల్ జ్వరం తర్వాత, కోవిడ్ తర్వాత మొదలైనవాళ్ళు చాలామంది ఉన్నారు. కీళ్ళు మామూలుకన్నా ఎక్కువగా వంగే శరీరతత్వం ఉన్నవాళ్ళలోనూ తరచూ చూస్తారు.

మూడోది మనందరం ఎక్కడో ఒకచోట చూసిందే: చాలాసేపు నిలబడో, రక్తం చూసో, సూది అంటే భయపడో ధబ్బున పడిపోవడం. గుండె వేగం ఉన్నట్టుండి తగ్గుతుంది, నాళాలు వదులవుతాయి, స్పృహ తప్పుతుంది. దీన్ని వాసోవేగల్ సింకోపి అంటారు.

అరుదైనది ఇంకొకటి ఉంది. మెడకు రేడియేషన్ గానీ ఆపరేషన్ గానీ జరిగి, పైన చెప్పిన కబురు పంపే నాడులే దెబ్బతింటే బీపీ రెండువైపులా ఊగుతుంది. కోపం వస్తే 200 దాటుతుంది, నిద్రలో బాగా కిందికి దిగుతుంది. అది మామూలు బీపీ డాక్టరు చేతిలో తేలే వ్యవహారం కాదు.

చెమట, పేగుల కదలిక, మూత్రసంచి, కంటిపాప కూడా ఈ స్వయంచోదిత నాడీవ్యవస్థే చూసుకుంటుంది. అందుకే నిలబడితే కళ్ళు తిరిగే మనిషికే కడుపు ఉబ్బరం, చెమట అసలు పట్టకపోవడం, వెలుతురు భరించలేకపోవడం కూడా ఉంటాయి. మెడ, భుజాల పైభాగం లాగేస్తున్నట్టు నొప్పి వచ్చి, పడుకోగానే తగ్గిపోతుంటే అది కూడా దీని గుర్తే. అక్కడి కండరాలకు రక్తం చాలక వచ్చే నొప్పి అది. ఎన్ని నొప్పి మాత్రలు మింగినా తగ్గదు.

మొదటి మెట్టు: ఇంట్లోనే పది నిమిషాల పరీక్ష

డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకండి. పై చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి కావాలి. మణికట్టు మిషన్లు చెయ్యి ఏ ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంటాయి, ఈ పనికి వద్దు. పట్టీ మీ చేతికి సరిపోవాలి. చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

పరీక్షకు పొద్దున్న వేళ మంచిది, ఎందుకంటే చాలామందికి అదే గడ్డుకాలం. పక్కన ఒక మనిషి ఉండాలి, వెనక మంచమో కుర్చీయో ఉండాలి. మందులు వాడుతుంటే ఈ పరీక్ష కోసం మీ అంతట మీరు ఆపకండి. వేసుకున్న టైము రాసుకుంటే చాలు.

కదలకుండా, మాట్లాడకుండా ఐదు నుంచి పది నిమిషాలు వెల్లకిలా పడుకుని బీపీ, పల్స్ చూడండి. తర్వాత లేచి నిలబడి 1, 3, 5, 10 నిమిషాలకు మళ్ళీ చూడండి. అటూ ఇటూ నడవకూడదు, కాళ్ళు కదపకూడదు. కదిపితే పిక్కలు రక్తాన్ని పైకి నెట్టేస్తాయి, లెక్క తప్పుతుంది. గోడకు భుజాలు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి నిలబడితే తూలిపోరు.

దాదాపు అందరూ చేసే తప్పు ఒకటి చెప్పాలి. నిలబడి బీపీ చూసేటప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తారు. పట్టీ గుండెకన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ వస్తుంది. పడిపోయిన బీపీని మిషనే దాచిపెట్టినట్టవుతుంది. చేతిని గుండె ఎత్తులో ఏదైనా బల్ల మీద ఆనించండి, లేదా పక్కనున్న మనిషిని పట్టుకోమనండి.

కళ్ళు చీకట్లు కమ్మినా, చెవుల్లో హోరు వచ్చినా, చెమటలు పట్టినా వెంటనే పడుకోండి. పది నిమిషాలు పూర్తికాకపోతే పరీక్ష పాడైనట్టు కాదు. "4వ నిమిషంలో ఆపేశాను" అన్నది డాక్టరుకు చాలా పనికొచ్చే సమాచారం. ఇలా వేర్వేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు చేయండి. ఒక రోజు అంకె చూసి పాట్స్ ఉందనీ లేదనీ తీర్మానించుకోవద్దు.

రెండో మెట్టు: రెండు వారాల డైరీ

ఎక్కువ రాస్తే మూడోరోజే మానేస్తారు. రోజుకు మూడు కొలతలు, ఒక్కోటి పడుకుని, నిలబడి. నిద్ర లేవగానే, మధ్యాహ్నం భోజనం అయిన గంటకు, పడుకునే ముందు. పక్కన ఒక్క ముక్క: నిద్ర ఎలా ఉంది, ఎన్ని నీళ్ళు తాగారు, నెలసరి రోజా, ఎండలో తిరిగారా, జ్వరమా, మందు మారిందా.

రెండు వారాలయ్యాక వెనక్కి తిరిగి చూస్తే, ఎటుపడితే అటు పోతుందనుకున్నదానికి ఒక దారి కనిపిస్తుంది. నాకు కనిపించింది ఇది: చెడ్డ రోజులన్నిటికీ ముందురోజు నీళ్ళు తక్కువ తాగాను, లేదా వేడిలో గడిపాను. కారణం ఈరోజులో వెతికినంతకాలం దొరకలేదు. కొంతమందికి నెలసరికి ముందు రోజుల్లో బాధ ముదురుతుంది. కొంతమందికి భోజనమే శత్రువు. మీది ఏదో మీ డైరీ చెప్పాలి.

స్మార్ట్ వాచీ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రోజు మొత్తం పల్స్ ఎలా నడిచిందో సాయంత్రం ఒకసారి చూసుకోవడానికి బాగుంటుంది. నిమిషనిమిషానికి చూసుకుంటే మాత్రం ఆ చూపుకే పల్స్ పెరుగుతుంది. చెయ్యి కదులుతున్నప్పుడు అది తప్పు అంకెలు కూడా చూపిస్తుంది. దాని హెచ్చరిక మోతలు ఆపేయడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి.

మూడో మెట్టు: పేరు పెట్టించుకోవడం

డైరీ, పరీక్ష కాగితాలు తీసుకుని వెళ్ళండి. ఏ డాక్టరు అంటే, ముందు ఒక మంచి ఫిజీషియన్, తర్వాత గుండె డాక్టరు గానీ నరాల డాక్టరు గానీ. ముందుగా మిగతా కారణాలను తోసిపుచ్చాలి: రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, షుగరు, కార్టిసాల్ అనే హార్మోన్ తక్కువ కావడం, గుండె లయలో తేడా. ఈసీజీ తప్పకుండా తీయాలి. అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్), గుండె లయను 24 గంటలూ నమోదు చేసే హోల్టర్. తర్వాత అవసరాన్ని బట్టి టిల్ట్ టేబుల్ పరీక్ష. అందులో మనిషిని పట్టీలతో బల్లకు కట్టి 60 నుంచి 80 డిగ్రీల దాకా నిలువుగా లేపి బీపీ, పల్స్ గమనిస్తారు. లోతుగా ఊపిరి తీయించి, గట్టిగా ఊదించి పల్స్ ఎలా మారుతుందో చూసే పరీక్షలు కూడా ఉంటాయి.

వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు, డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు, అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్, అసలు బీపీ మాత్రలే, ఇవన్నీ నిలబడినప్పుడు బీపీని పడేయగలవు. కొన్నిసార్లు జబ్బు అనుకున్నది మాత్ర తగ్గించగానే పోతుంది.

"టెన్షన్ వల్లే" అన్న మాట మీకు వినిపించే ఉంటుంది. ఇది కొత్త మాట కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు దడ, ఆయాసం, కళ్ళు తిరగడం గమనించిన జేకబ్ డా కోస్టా అనే డాక్టరు 1871లోనే దాని గురించి రాశాడు. దాన్ని చాలాకాలం నరాల బలహీనత కింద, పిరికితనం కింద జమకట్టేశారు. నిలబడితే బీపీ పడిపోయే రోగుల గురించి బ్రాడ్‌బరీ, ఎగుల్‌స్టన్ రాసింది 1925లో. పాట్స్ అన్న పేరు ఇప్పటి అర్థంలో స్థిరపడింది 1993లో, షాండార్ఫ్, లో అనే ఇద్దరు డాక్టర్ల వ్యాసంతో. పేరు ఆలస్యంగా వచ్చింది, బాధ ఎప్పటినుంచో ఉంది. ఆందోళనకూ దీనికీ తేడా పట్టుకునే చిట్కా ఒకటుంది: పడుకుంటే తగ్గి, నిలబడితే వస్తోందా? ఆందోళన భంగిమను పట్టించుకోదు. అలాగని రెండూ కలిసి ఉండకూడదనేమీ లేదు. గుండె రోజుకు పదిసార్లు పరుగెడుతుంటే ఏ మనిషికైనా భయం పుడుతుంది. దానికి సాయం తీసుకోవడం ఓడిపోవడం కాదు.

నాలుగో మెట్టు: రాత్రి నుంచే పొద్దున్ను సరిచేయడం

మంచం తలవైపు కోళ్ళ కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. దిండ్లు పేర్చడం దీనికి బదులు కాదు, దానివల్ల మెడ మాత్రమే వంగుతుంది. మొత్తం ఒళ్ళు వాలుగా ఉండాలి. పూర్తిగా చదునుగా పడుకుంటే కిడ్నీలు రాత్రంతా నీటినీ ఉప్పునూ బయటికి పంపేస్తాయి. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచి, పొద్దున కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళ కథ ఇదే.

లేవడానికి తొందర వద్దు. మంచం పక్కన రాత్రే ఒక సీసాలో నీళ్ళు పెట్టుకోండి. కళ్ళు తెరవగానే ఓ అర లీటరు నీళ్ళు రెండు మూడు నిమిషాల్లో తాగేయండి. బీపీ పడిపోయే జబ్బులో ఇది చిన్నపాటి మందులా పనిచేస్తుంది: ఐదు నిమిషాల్లో బీపీ పెరగడం మొదలై, అరగంటకు బాగా పెరిగి, ఓ గంట నిలుస్తుంది. మామూలు నీళ్ళే చాలు. తర్వాత పడుకుని ఉండగానే పాదాలు పైకీ కిందికీ ఓ ముప్పైసార్లు ఆడించండి, లేచి మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోండి, అప్పుడు నిలబడండి. ఇంట్లోవాళ్ళు "ఇంకా లేవలేదా" అంటే అననివ్వండి.

నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళలో చాలామందికి పడుకుంటే బీపీ బాగా పెరుగుతుంది, 140/90 దాటి, ఒక్కోసారి 180 దాకా. ఇది ఈ జబ్బులోని పెద్ద చిక్కు. ఒకదానికి మందు రెండోదానికి విషం. అలాంటివాళ్ళు పగలు చదునుగా పడుకోకూడదు, వాలుకుర్చీలో విశ్రాంతి తీసుకోవాలి. పడుకునే ముందు గబగబా నీళ్ళు తాగకూడదు. పడుకునే ముందు కొంచెం ఏదైనా తినమని డాక్టర్లు చెప్పేది కూడా వీళ్ళకే: తిన్నాక బీపీ తగ్గే గుణాన్ని ఇక్కడ మంచికి వాడుకుంటారు.

ఐదో మెట్టు: నీళ్ళు, ఉప్పు

నీళ్ళు రోజుకు రెండు నుంచి మూడు లీటర్లు, ఎక్కువ భాగం మధ్యాహ్నంలోపే. రంగు చూసి తెలుసుకోవచ్చు, మూత్రం లేత పసుపు దాటితే వెనకబడినట్టే.

ఉప్పు దగ్గర ఆగి చదవండి. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాట్స్ ఉన్నవాళ్ళకు డాక్టర్లు రోజుకు 10 గ్రాముల దాకా చెప్పడం ఉంది. ఉప్పు నీటిని రక్తంలో పట్టి ఉంచుతుంది, దాంతో నాళాలను నింపే రక్తం పరిమాణం పెరుగుతుంది. కానీ హైబీపీ, కిడ్నీ జబ్బు, గుండె బలహీనత, పడుకుంటే బీపీ పెరిగే లక్షణం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే ఉప్పు ప్రమాదం. కాబట్టి ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి. మీకు ఉప్పు నిజంగా తక్కువైందో లేదో 24 గంటల మూత్రంలో సోడియం పరీక్ష చెబుతుంది. అడగండి, చవకైన పరీక్షే, కానీ చాలామందికి గుర్తురాదు.

డాక్టరు సరే అన్నాక ఉప్పును భోజనంలో కలిపి విడతలు విడతలుగా తీసుకోవాలి. ఒక్కసారే ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు, ఉన్న నీళ్ళూ పోతాయి. వాంతులు, విరేచనాలు వచ్చిన రోజుల్లో ఓఆర్‌ఎస్ పొట్లం ఇంట్లో ఉండాలి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపండి.

ఆరో మెట్టు: కాళ్ళను రెండో గుండె చేసుకోవడం

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, ఖర్చు లేనిది కూడా ఇదే. కళ్ళు తిరగబోతున్నట్టు తెలియగానే కాళ్ళు కత్తెరలా అడ్డంగా వేసి తొడలు, పిర్రలు, పొట్ట గట్టిగా బిగించండి. లేదా రెండు చేతుల వేళ్ళు కొక్కెంలా పెనవేసి చెరోవైపుకు లాగండి. లేదా గొంతుక్కూర్చోండి. కండరం బిగిస్తే సిర నొక్కుకుని రక్తం పైకి వెళ్తుంది. చెప్పుల లేసు కట్టుకుంటున్నట్టు కింద కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు అనుమానం కూడా రాదు. నిలబడక తప్పని చోట, వరసలో ఉన్నప్పుడు, మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి. ఊపిరి బిగబట్టకండి, బిగబడితే ఫలితం తిరగబడుతుంది.

తర్వాత బిగుతు మేజోళ్ళు. మోకాళ్ళదాకా వచ్చేవి కొని "పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. రక్తం ఎక్కువగా ఆగేది పొట్టలో, తొడల్లో. నడుందాకా వచ్చే మేజోళ్ళు, 30 నుంచి 40 మిల్లీమీటర్ల ఒత్తిడివి, అసలు లాభం ఇస్తాయి. అవి తొడుక్కోవడమే ఒక వ్యాయామం, వేడిలో నరకం. అంత వద్దనుకుంటే పొట్టకు కట్టే వెడల్పాటి బెల్టు ఒక్కటైనా వాడండి. లేవక ముందే కట్టుకోవాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. కాళ్ళలో రక్తప్రసరణ తక్కువ ఉన్నవాళ్ళు, షుగరుతో పాదాలకు స్పర్శ పోయినవాళ్ళు డాక్టరుకు చూపించాకే మేజోళ్ళు వాడాలి.

ఏడో మెట్టు: భోజనం, స్నానం, ఎండ

కడుపునిండా తిన్నాక రక్తం పేగులకు వెళ్తుంది. తిన్న రెండు గంటల్లోపు బీపీ 20 దాకా పడిపోవడం పెద్దవయసువాళ్ళలో సాధారణం. మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదు చిన్నవి మేలు. పిండిపదార్థాలు తగ్గించి, పప్పు, గుడ్డు లాంటివి పెంచండి. తిన్న వెంటనే లేచి పనిలో పడకండి. మద్యం నాళాలను వదులు చేస్తుంది, నీళ్ళు తోడేస్తుంది, మానేయడమే. కాఫీ కొందరికి లేపి నిలబెడుతుంది, కొందరికి దడ పుట్టిస్తుంది, మీ డైరీనే అడగండి.

వేడినీళ్ళు, ఆవిరి, ఎండ చర్మంలోని నాళాలను వెడల్పు చేస్తాయి. స్నానం గోరువెచ్చని నీళ్ళతో, కూర్చుని, తలుపు గడియ పెట్టకుండా. తలంటుకునేటప్పుడు చేతులు పైకెత్తి ఉంచడమే చాలామందిని పడగొడుతుంది, విడిగా ఇంకో పూట పెట్టుకోండి. వంటింట్లో ఒక ఎత్తు పీట ఉంచండి. తరగడం, కలపడం కూర్చుని చేస్తే పల్స్‌లో వచ్చే తేడా మీకే తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: పడుకుని మొదలయ్యే వ్యాయామం

కళ్ళు తిరుగుతున్నాయని మంచానికి అంటుకుపోతే, కొద్ది రోజుల్లోనే ఒంట్లో రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె కండరం సన్నబడుతుంది. అప్పుడు నిలబడటం ఇంకా కష్టం. అలాగని "రోజూ నడువు, అన్నీ పోతాయి" అనే సలహా కూడా పనికిరాదు. నిలబడి చేసే వ్యాయామంతో మొదలుపెట్టిన మనిషి రెండోరోజే పడిపోతాడు.

మొదటి నెల అంతా పడుకునో కూర్చునో చేసేవే: వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్, రోయింగ్, ఈత, నేలమీద పడుకుని కాళ్ళ వ్యాయామాలు. ఈతకు ఒక అదనపు లాభం, నీటి ఒత్తిడే మేజోడులా పనిచేస్తుంది. పడిపోయే అలవాటున్నవాళ్ళు ఒంటరిగా నీళ్ళలోకి దిగకూడదు. మొదట్లో ఐదు నిమిషాలైనా సరే. వారానికి మూడు రోజులు, మెల్లగా అరగంటకు. వేగం పల్స్‌తో కొలవకండి, పల్స్ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకు అది మోసం చేస్తుంది. మాట్లాడగలిగేంత ఆయాసం చాలు. పూర్తిగా నిలబడి చేసేవి రెండు మూడు నెలల తర్వాత. మొదటి రెండు మూడు వారాలు ఒళ్ళు ఇంకా బరువుగా అనిపించడం మామూలే.

ఒక్క మినహాయింపు. కొంచెం పని చేసిన మర్నాడో మూడోనాడో ఒళ్ళు పూర్తిగా కుప్పకూలిపోతుంటే, ముఖ్యంగా కోవిడ్ తర్వాత మొదలైనవాళ్ళలో, ఈ మెట్టు మీకు ఇలా పనికిరాదు. ఉన్న శక్తిలోనే సర్దుకోవడం ముందు నేర్చుకోవాలి. పట్టుదలతో నెగ్గుకొచ్చే జబ్బు కాదది.

తొమ్మిదో మెట్టు: మందుల సంగతి

పై మెట్లన్నీ ఎక్కాకే మందులు బాగా పనిచేస్తాయి. నీళ్ళు లేని చెరువుకు గట్టు కట్టి లాభం లేదు. డాక్టరు రాసేవాటిలో ఫ్లుడ్రోకార్టిసోన్ ఉప్పును, నీటిని ఒంట్లో నిలుపుతుంది, పొటాషియం తగ్గిస్తుంది కాబట్టి రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మిడోడ్రిన్ నాళాలను బిగిస్తుంది. దాని ప్రభావం కొన్ని గంటలే కాబట్టి పగలు విడతలుగా వేసుకుంటారు. చివరి మాత్ర పడుకోవడానికి నాలుగు గంటల ముందే అయిపోవాలి, వేసుకుని పడుకుంటే బీపీ పెరిగిపోతుంది. మాడు మీద చీమలు పాకినట్టు, రోమాలు నిక్కబొడుచుకున్నట్టు ఉంటే కంగారుపడకండి, అది ఆ మందు గుణమే. ప్రొప్రనలోల్ చిన్న మోతాదు, ఐవాబ్రడిన్ పల్స్‌ను అదుపు చేస్తాయి. ప్రొప్రనలోల్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు, ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు ఐవాబ్రడిన్ గురించి తప్పకుండా మాట్లాడాలి.

ఒకేసారి రెండు మందులు మార్చనివ్వకండి. దేనివల్ల మేలైందో, దేనివల్ల కీడైందో తర్వాత ఎవరికీ తెలియదు.

పదో మెట్టు: చెడ్డ రోజుకు ముందే ఏర్పాటు

చెడ్డ రోజు వస్తుంది, అన్నీ సరిగ్గా చేసినా వస్తుంది. ఆరోజు ఆలోచించే శక్తి ఉండదు కాబట్టి ముందే రాసిపెట్టుకోవాలి: మంచం పక్కన నీళ్ళు, ఓఆర్‌ఎస్, ఫోను ఛార్జరు, తినడానికి ఏదైనా. ఏ పనులు వాయిదా వేయొచ్చో, ఎవరికి ఫోన్ చేయాలో. ఒకసారి స్పృహ తప్పాక డాక్టరు సరే అనేదాకా బండి నడపకండి, మెట్లు, నిచ్చెనలు జాగ్రత్త.

ఇవి వస్తే మాత్రం "నాకు మామూలే" అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి: ఛాతీలో నొప్పి, పరుగెడుతుండగానో పనిచేస్తుండగానో స్పృహ తప్పడం, పడుకుని ఉండగా స్పృహ తప్పడం, దడ వచ్చి మరుక్షణమే పడిపోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, నల్లటి విరేచనం, పడి తలకు దెబ్బ తగలడం. బీపీ 180/120 దాటి తలనొప్పి, చూపు మసక, ఆయాసం ఉన్నా అంతే. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మొదటిరోజే చెప్పండి.

పంటి డాక్టరుకు కూడా ముందే చెప్పాలి. చిగుళ్ళకు ఇచ్చే మత్తుసూదిలో చాలాసార్లు ఎడ్రినలిన్ ఉంటుంది, పాట్స్ ఉన్నవాళ్ళకు అది గుండెను ఉరకలెత్తిస్తుంది. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుతో ముందురోజే మాట్లాడి, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు నీళ్ళు లేకుండా ఉంచకుండా సెలైన్ పెట్టే వీలుందేమో అడగండి.

ఇక పర్సులో ఒక చిన్న కాగితం. నా కాగితంలో జబ్బు పేరు, వాడే మందులు, ఒక ఫోన్ నంబరు, ఆ కింద పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు ఉంటాయి. ఎందుకంటే పడిపోయిన మనిషిని చూడగానే జనం జాలితో చేసే మొదటి పని లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్ళు పోయడం. నా కాగితం ఇలా ఉంటుంది: "లేపకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టండి. స్పృహ వచ్చేదాకా నీళ్ళు పోయకండి. రెండు నిమిషాల్లో లేవకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి."